మూడు గాట్లు

మా ఇంట్లో రెండొందలకి పైగా జేబుకత్తులు ఉన్నాయని తెలిసినప్పుడు చుట్టాలు ముందు నా వంక చూడరు. మా ఆయన వంక చూస్తారు, మనిషి క్షేమంగానే ఉన్నాడా అని. ఉన్నారు. నిక్షేపంగా ఉన్నారు. ఆ కత్తులంటే ఆయనకి భయం లేదు, వాటి మీద దుమ్ము దులపమంటే విసుగు తప్ప.

ఆడదానివి, నీకీ కత్తుల పిచ్చేమిటి అని అడిగినవాళ్లకి నా జవాబు ఒకటే: టమాటా. తొంభై తొమ్మిదిలో మేం ఇంగ్లండు వచ్చి స్విండన్‌లో అద్దెకి దిగిన ఇంట్లో ఇంటివాళ్లు వదిలేసిన కత్తులు ఆరు ఉండేవి. ఆరింటిలో ఒక్కటి కూడా టమాటాని కోసేది కాదు, నొక్కేది. వంకాయని చితకబొడిచేది. మా అమ్మ గుంటూరు నుంచి కత్తిపీట పంపిస్తానంది. "అది సూట్‌కేసులో పెట్టుకుని దిగితే నన్ను ఎయిర్‌పోర్టు నుంచి అటునుంచి అటే పంపించేస్తారు," అని మా ఆయన కంగారుపడ్డారు. అప్పుడాయన రీడింగ్ అనే ఊళ్లో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. పొద్దున్నే కారెక్కి మోటర్‌వే మీద వెళ్లడం, సాయంత్రం తిరిగొచ్చి వీసా గురించి దిగులుపడటం, శనివారం బట్టలు ఉతకడం. మూడు పనులూ ఒకే శ్రద్ధతో చేసేవారు.

రెండేళ్లు చితికిన వంకాయలే తిన్నాం. ఆ తర్వాత ఒక ఆదివారం ఊరి చివర కార్ బూట్ సేల్‌కి వెళ్లాం. అది మన సంతలాంటిదే. మైదానంలో కార్లు వరసగా ఆపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేనివన్నీ అమ్ముకుంటారు. ఒకావిడ బిస్కెట్ల డబ్బా నిండా తుప్పు పట్టిన మడతకత్తులు పోసి పెట్టింది. ఒకటి తీసి, బ్లేడు తెరిచి, పదును చూద్దామని బొటనవేలు ఆనించాను. తెగింది. ఈ దేశం వచ్చాక ఒక కత్తి నా వేలు కోయడం అదే మొదటిసారి. ప్రాణం లేచొచ్చింది.

"మూసి చూడు," అన్నారెవరో పక్కనుంచి.

చూస్తే మా పక్కింటి పెద్దాయన. రెండేళ్లుగా గోడకి ఇటూ అటూ ఉంటూ మేం మాట్లాడుకున్నది వానల గురించి మాత్రమే. వేలికి చున్నీ చుట్టుకుని కత్తి మూశాను. టక్‌మంది.

"మళ్లీ."

టక్.

"స్ప్రింగు బతికే ఉంది," అన్నాడు. కత్తి తెరిపించి, బ్లేడు పిడిలోకి దిగేచోట అరిగిపోయిన అక్షరాలు చూపించాడు. "షెఫీల్డ్. మా ఊరు. కత్తుల ఊరు. కొనుక్కో. కానీ ఇంటికెళ్లి దీన్ని తోమకు."

"తోమకుండా కూరలెలా తరుగుతాను?"

"కూరలా?" అన్నాడు.

ఆ గొంతు విని నాకు ఒళ్లు మండింది. కత్తి కొనుక్కునేది తరగడానికి కాకపోతే ఎందుకట, ముద్దుపెట్టుకోవడానికా? ఇంటికొచ్చి సబ్బూ పీచూ పెట్టి తళతళలాడేలా తోమాను. తుప్పుతోపాటు బ్లేడు మీదున్న నీలినలుపు నిగారింపు కూడా పోయింది. వంకాయలు మాత్రం సన్నగా, ఒకే మందాన తెగాయి. గుత్తొంకాయ కాదు, మామూలు వేపుడే, అయినా అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. గిన్నెలో కాస్త కూర పెట్టుకుని, కత్తి కూడా పట్టుకుని పక్కింటికి వెళ్లాను, నెగ్గింది నేనే అని చూపించి వద్దామని. కత్తిని చూసి ఆయన చావు కబురు విన్నట్టు కుర్చీలో కూలబడ్డాడు. కూర తిన్నాక కొంచెం తేరుకున్నాడు.

మా స్నేహం అలా మొదలైంది. ఆయనకి డెబ్భై దాటాయి. భార్య పోయింది, ఒక్కగానొక్క కొడుకు బ్రిస్టల్‌లో ఉంటాడు. తను పుట్టింది షెఫీల్డ్‌లోనే అయినా బతుకంతా స్విండన్ రైల్వే వర్క్‌షాపులో గడిచింది. అది మూతపడ్డాక పాత జేబుకత్తులు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన ఇంగ్లీషుకీ నా ఇంగ్లీషుకీ పొత్తు కుదరడానికి చాలా రోజులు పట్టింది. ఇక్కడ రాస్తున్నది నా చెవికి అది వినపడిన తెలుగు. నన్ను 'లవ్' అని పిలిచేవాడు. మొదటిసారి విన్నప్పుడు మా ఆయన పేపర్లోంచి తలెత్తారు. వాళ్ల ఊళ్లో బస్సు డ్రైవర్ని కూడా అలాగే పిలుస్తారని తెలిశాక మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు. నేను అంకుల్ అంటే, "నేనెవరికీ అంకుల్ని కాను," అన్నాడు. నేను మానలేదు. నాలుగైదు నెలలకి పలకడం మొదలుపెట్టాడు.

ప్రతి ఆదివారం పొద్దున సంత, మధ్యాహ్నం ఆయన వంటింటి బల్ల దగ్గర పాఠం. కత్తిని గుర్తుపట్టడానికి ముందు చెవి కావాలన్నాడు. మూసినప్పుడు వచ్చే చప్పుడులోనే సగం వయసు తెలుస్తుంది. తర్వాత ముక్కు: పిడి కొమ్ముదా, ఎముకదా, చెక్కదా, ప్లాస్టిక్కా అన్నది కొంచెం రుద్ది వాసన చూస్తే దొరికిపోతుంది. కళ్లు ఆఖరున. అవి కూడా బయట కాదు, లోపల చూడాలి. బ్లేడు సగం తెరిచి, టార్చి వేసి, పిడి సందులోకి చూడాలి. అక్కడ రెండు పక్కలా సన్నటి ఇత్తడి రేకులుంటాయి. కొత్త కత్తిని టీ నీళ్లలో నానబెట్టి పాతదని అమ్మేవాళ్లుంటారు. ఒకదాని బ్లేడు ఇంకోదాని పిడికి అతికేవాళ్లుంటారు. "బయట ఎవడైనా ముస్తాబు చేస్తాడు," అనేవాడు పెద్దాయన. "లోపల చెయ్యడానికి బద్ధకిస్తాడు. ముందు లోపల చూడు."

చూశాక చీటీ రాయాలి. ప్రతి కత్తికీ దారంతో ఒక అట్టముక్క కట్టేవాడు. చేసినవారు, ఊరు, పిడి, దొరికిన చోటు. తెలియకపోతే 'తెలియదు' అని రాయాలి. ఒకసారి నేను 'బహుశా షెఫీల్డ్' అని రాస్తే 'బహుశా' మీద రెండు అడ్డగీతలు గీశాడు. "బహుశా అనేది అమ్మేవాడి మాట. మనం అమ్మేవాళ్లం కాదు." చీటీ విషయంలో అంత మూర్ఖుడు ఇంకొకడు ఉండడు. సర్జరీలో, అంటే డాక్టర్ల క్లినిక్‌లో, రిసెప్షనిస్టుగా చేరాక నేను డాక్టర్ల రాత చదివి ఏడవాల్సి వచ్చినప్పుడల్లా ఆ చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు గుర్తొచ్చేవి.

ఇంకో సంగతి చెప్పాలి. మనలో కత్తి చేతికివ్వరు కదా, ఇస్తే తగువొస్తుందని. నేను అలవాటు కొద్దీ బల్ల మీద పెట్టేదాన్ని, ఆయన తీసుకునేవాడు. తనని అంటుకోవడం నాకిష్టం లేదేమో అనుకున్నాడట పాపం, ఆరు నెలలపాటు. విషయం చెప్తే నవ్వి, తమ వైపు ఎవరైనా కత్తి కానుకిస్తే పుచ్చుకున్నవాళ్లు ఒక పెన్నీ ఇవ్వాలనీ, లేకపోతే స్నేహం తెగిపోతుందనీ చెప్పాడు. అప్పటినుంచి నేను కత్తి బల్ల మీద పెట్టేదాన్ని, ఆయన పక్కన పెన్నీ పెట్టేవాడు. రెండు దేశాల జాగ్రత్తలూ తీసుకున్నాం కాబట్టి మాకు తగువు రాకూడదు. అయినా వారానికొకటి వచ్చేది.

వాళ్ల నాన్న సంగతి చెప్పడానికి ఆయనకి ఏడాది పైన పట్టింది. ఆ నాన్న షెఫీల్డ్‌లో కత్తులు కూర్చే పనివాడు. బ్లేడు ఒకరు చేస్తే, స్ప్రింగు ఇంకొకరు చేస్తే, అన్నీ కలిపి మేకులు దిగ్గొట్టి కత్తిని కత్తి చేసేది ఆయన. బ్లేడు మీద మాత్రం కంపెనీ పేరే పడేది. కూర్చినవాడు ఎవడో తెలియడానికి ప్రతి పనివాడూ లోపలి ఇత్తడి రేకు అంచున ఆకురాయితో తన గుర్తు పెట్టుకోవాలి. కత్తి వంకరొస్తే ఎవణ్ణి తిట్టాలో తెలియాలి కదా. ఒకడు చుక్క పెట్టేవాడు, ఒకడు అడ్డగీత. వాళ్ల నాన్నది పక్కపక్కనే మూడు గాట్లు. చిన్నప్పుడు క్యారేజీ తీసుకెళ్లి ఇచ్చినప్పుడు చూసేవాడట. బల్లలన్నీ కిటికీ వైపు ఒకే వరసలో ఉంటే వాళ్ల నాన్న బల్ల ఒక్కటే ఎదురు గోడకి వేసుండేదట, పక్కవాళ్లకి మోచెయ్యి తగలకుండా. నేను ఆ ముక్క మీద ఆగలేదు. టీ చల్లారిపోతోందని నా గొడవ నాది.

తన కోసమని నాన్న ఒకే ఒక్క కత్తి కూర్చుకున్నాడట. దాన్ని ఈయన పన్నెండేళ్లప్పుడు అడక్కుండా తీసుకెళ్లి కాలవలో పడేశాడు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. "పోనీలేరా, ఇంకోటి చేసుకుంటా," అన్నాడు. చేసుకోలేదు. ఆ చలికాలమే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

"ఆయన చేతిమీదుగా ఎన్ని వేల కత్తులు వెళ్లుంటాయో చెప్పు," అన్నాడు పెద్దాయన. "నాకొక్కటి దొరికితే చాలు."

అప్పుడర్థమైంది నాకు, ముందు లోపల చూడమని ఎందుకంటాడో. పదిహేనేళ్లకి పైగా సంతల్లో కొన్న ప్రతి కత్తిలోనూ మూడు గాట్ల కోసం చూస్తున్నాడు. దొరికినవన్నీ చుక్కలవాళ్లూ, అడ్డగీతలవాళ్లూ, ఏ గుర్తూ లేనివాళ్లూ.

తర్వాత ఆయన కళ్లు చెడిపోవడం మొదలైంది. చూపు మధ్యలో మచ్చ పడే జబ్బు. పక్కలనుంచి కొంచెం కనిపిస్తుంది, సూటిగా చూసింది మాత్రం మాయమైపోతుంది. ఆయన మాటల్లో చెప్పాలంటే, టీ కప్పు చూడాలంటే కిటికీ వైపు చూడాలి. చీటీల మీద అక్షరాలు ముందు పెద్దవయ్యాయి, తర్వాత లావుపాటి నల్ల మార్కరు పెన్నుతో పడ్డాయి. ఒక ఆదివారం టార్చి నా ముందుకి తోశాడు. "ఇకనుంచి నువ్వే చూడాలి లవ్."

అప్పటినుంచి నా పని ఒకటే. కత్తి సగం తెరవడం, టార్చి వెయ్యడం, "లేదు" అనడం. ఆయన తల ఊపి, ఇంకో కత్తి తోసేవాడు. వారం వారం, రెండేళ్లు. మా ఆయనకి పర్మనెంట్ వీసా వచ్చింది, మేం అదే ఇల్లు కొనుక్కున్నాం, లోకంలో అన్నీ జరిగాయి. నేను మాత్రం పక్కింటి బల్ల దగ్గర కూర్చుని లేదు, లేదు అంటున్నాను. మా అమ్మ చిన్నప్పుడు అనేది, గుమ్మంలోకొచ్చిన బిచ్చగాణ్ణి ఊరికే లేదనకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలని. ఈయన బిచ్చగాడు కాదు, కానీ నా నోరు మాత్రం ఆ మాటకి అరిగిపోయింది.

రెండువేల ఆరులో దసరా ముందు ఒక డబ్బా దొరికింది, తొమ్మిది కత్తులు, అన్నీ వాళ్ల నాన్న పనిచేసిన కంపెనీవే. ఆయన చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. తొమ్మిదింటికీ లేదన్నాను. "పర్లేదు," అన్నాడు. ఆపైన, "రెండో కన్ను కూడా క్రిస్మస్ దాకా రాదన్నాడు ఆస్పత్రి డాక్టరు. ఇహ దొరికినా నేనేం చూస్తాను," అన్నాడు, వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా.

నేను ఇంటికొచ్చి బీరువా తలుపు గట్టిగా వేశాను. మా ఆయన ఏమైందన్నారు. ఏమీ కాలేదన్నాను. నాకు ఏడుపొచ్చినా కోపమొచ్చినా తలుపులే దొరుకుతాయి.

మర్నాడు సెలవు పెట్టాను. నా కత్తుల్లో అదే కంపెనీది, నల్లచెక్క పిడిది, లోపల ఏ గుర్తూ లేనిది ఒకటుంది. హార్డ్‌వేర్ షాపులో సన్నటి ముక్కోణపు ఆకురాయి కొనుక్కొచ్చి, బల్ల మీద పాత పేపరు పరిచి, కత్తి సగం తెరిచి, లోపలి ఇత్తడి అంచున మూడు గాట్లు పెట్టాను. పక్కపక్కనే. మొదటిది కాస్త లోతుగా పడింది. దొంగకత్తుల్ని పట్టడం నేర్పినవాడికే దొంగకత్తి చేశాను. విద్య వృథా పోలేదు.

తీరా చూస్తే నల్లబడ్డ పాత రేకులో ఆ మూడు గాట్లూ పచ్చగా మెరుస్తున్నాయి. టీ నీళ్లు పోశాను. వెనిగర్ రాశాను. ఇంకా మెరిశాయి.

అప్పుడు మా అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. ఆరు నెలలుండటానికని ఆగస్టులోనే వచ్చిందావిడ, తన ఇత్తడి కుందులు, పంచపాత్ర, కిలో చింతపండుతో సహా. పేపరు మీద పడ్డ పొడి చూసింది.

"ఏందమ్మాయ్ ఈ రజను?"

ఒక అబద్ధంలో పీకలదాకా ఉన్నాను, రెండోది ఆడే ఓపిక లేదు. మొత్తం చెప్పేశాను. మందలిస్తుందనుకున్నాను. ఆవిడ కత్తి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి, లోపలికి తొంగి చూసింది.

"ఆయనకి చూపు ఎంతవరకుంది?"

"పక్కల నుంచి కొంచెం కనపడుతుందిట అత్తయ్యా."

"అబద్ధమైనా అతికినట్టుండాల. నల్లటి ఇత్తడిలో ఈ మూడే మెరుస్తంటే గుడ్డోడిక్కూడా తెలిసిపోద్ది. నల్లగా చెయ్యటం మన చేత కాదులే. మొత్తం మెరిపిస్తే సరి."

"తోమితే ఆయన నన్ను చంపేస్తాడు."

"పండక్కి తోమామని చెప్పు. నిజమేగా. మనం తోమమా? ఆయుధపూజకి కత్తి కాకపోతే గరిటె పెడతారా?" అంది. ఆ తర్వాత అనుమానంగా, "పిడి దేందీ? ఎముక గాదు గదా?"

"చెక్క."

"అయితే సరే. ఒక్కటే తోమితే అనుమానం వస్తది. చెక్క పిడివన్నీ తీసుకురా. ఆ ఎముకలవి నా దేవుడి దగ్గరికి తెచ్చావంటే ఊరుకోను."

చింతపండు పులుసు, ఉప్పు, పాత టూత్‌బ్రష్. ఆ సాయంత్రం ఆవిడ నా కత్తులు ఏడింటిని లోపలా బయటా తోమింది. ఆ ఒక్కదాని కోసం మిగతా ఆరింటి నిగారింపు కూడా పోయింది. మహర్నవమి నాడు వాటికి పసుపు కుంకుమ పెట్టి, మా ఆయన లాప్‌టాప్, కారు తాళాల పక్కన వరసగా పేర్చి పూజ చేసింది. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదంది. మా ఆయన ఆ రోజు రీడింగ్‌కి రైల్లో వెళ్లారు.

విజయదశమి సాయంత్రం కత్తి తీసుకుని పక్కింటికి వెళ్లాను. బల్ల మీద పెట్టాను. "అంకుల్, ఇది చూడండి," అన్నాను.

ఆయన తీసుకున్నాడు. తెరిచాడు, మూశాడు, చప్పుడు విన్నాడు. మళ్లీ సగం తెరిచి బొటనవేలి గోరు సందులోకి పోనిచ్చాడు. గోరు నడిచి నడిచి ఒక చోట ఆగింది. వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లి ఆగింది.

ఆయనేమీ అడక్కముందే నేను మొదలుపెట్టాను. ఈ కత్తి నా దగ్గర ఎప్పటినుంచో ఉందనీ, ఏ పెట్టెలోదో గుర్తులేదనీ, లోపలంతా మురికి పట్టి ఉండటంతో ఇన్నాళ్లూ కనబడలేదనీ, మా అత్తగారు పండక్కి చింతపండుతో తోమేసరికి బయటపడిందనీ, తోమవద్దని చెప్పినా ఆవిడ వినలేదనీ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"లోపల చూసింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే. మూడున్నాయి అంకుల్."

"నువ్వే చూశావు."

"నేనే చూశాను."

ఆయన బొటనవేలు పైకెత్తాడు. ఎర్రగా ఉంది. "ఇదేమిటి?"

"కుంకుమ. కత్తికి బొట్టు పెట్టాం."

"ఆహా," అన్నాడు. చాలాసేపు కిటికీ వైపు చూశాడు, అంటే నా వైపే చూస్తున్నాడన్నమాట. తర్వాత జాడీలో తడిమి పెన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. కత్తి మూసి స్వెటరు జేబులో వేసుకున్నాడు. "మీ అత్తగారికి చెప్పు, తోమడమంటే అలా ఉండాలి. టీ పెట్టు లవ్."

ఇంటికొచ్చి అత్తయ్యని పట్టుకుని ఏడ్చాను. ఏడేళ్లలో ఈ దేశంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అనిపించింది. అంతా విని మా ఆయన, "ఇది ఏదైనా నేరం కిందకి వస్తుందా?" అని మాత్రం అడిగారు.

తర్వాతి ఆదివారం సంతలో రెండు కత్తులు దొరికాయి. అలవాటుగా టార్చి తీశాను. "లోపల చూడనా అంకుల్?"

"అక్కర్లేదు లవ్."

ఆపై ఆదివారం కూడా అదే మాట. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. దొరికిందిగా, ఇంకెందుకు చూస్తాడు అనుకున్నాను. ఆదివారాలు మాత్రం ఆగలేదు. నేను పేపరు చదివి వినిపించేదాన్ని, ఆయన నా ఉచ్చారణ దిద్దేవాడు, వేపుడులో కారం తగ్గిందని ఫిర్యాదు చేసేవాడు. చెయ్యి ఎప్పుడూ ఆ స్వెటరు జేబులోనే ఉండేది. అది చూసినప్పుడల్లా నా భుజం నేనే తట్టుకునేదాన్ని.

రెండువేల ఎనిమిది మొదట్లో, చలిలో, న్యుమోనియాతో ఆస్పత్రిలో పోయాడు. అంత్యక్రియలకి నేను వేపుడు తప్ప ఏం తీసుకెళ్లాలో తెలియక వేపుడే తీసుకెళ్లాను. ఎవరూ కాదనలేదు. వారం తర్వాత బ్రిస్టల్ కొడుకు ఒక చెక్కపెట్టె తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. "ఇవన్నీ మీకివ్వమని చెప్పాడు నాన్న. ఒక పెన్నీ పుచ్చుకోమన్నాడు. ఎందుకో నాకు తెలియదు." పెన్నీ ఇచ్చాను.

పెట్టెలో అన్నిటికన్నా పైన నల్లచెక్క పిడి కత్తి ఉంది. దానికీ చీటీ కట్టాడు. మార్కరు పెన్నుతో, వంకరటింకరగా, అట్టముక్క రెండువైపులా నిండిపోయేట్టు ఉంది రాత.

ఒకవైపు: 'చేసినవారు: తెలియదు. ఊరు: షెఫీల్డ్. పిడి: నల్లచెక్క.'

రెండోవైపు: 'మూడు గాట్లు: పక్కింటి అమ్మాయి, స్విండన్. కుడిచేత్తో. నాన్నది ఎడమచెయ్యి. అమ్మకానికి కాదు.'

గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఎదురు గోడకి వేసిన బల్ల అప్పుడు గుర్తొచ్చింది. అందరూ కుడిచేత్తో పనిచేసే వరసలో ఎడమచేతివాడి మోచెయ్యి పక్కవాడికి తగులుతుంది మరి. ఎడమచేత్తో ఆకురాయి పడితే గాటు అటు వాలుతుంది, నాది ఇటు వాలింది. గోరు మొదటిసారి ఆగినప్పుడే ఆయనకి తెలిసిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకన్నా పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆయనకి మిగిలిన కళ్లు నావి. ఆ కళ్లు అబద్ధమాడతాయని తెలిశాక ఇంకే కత్తిలో ఏముందని నన్ను చూడమంటాడు? నేను ఉందన్నా లేదన్నా ఇక ఒకటే. నాన్నని వెతికి ఇచ్చాననుకుని ఏడాదిన్నర మురిసిపోయాను. నిజానికి ఆ వెతుకులాటని ఆపేసింది నేనే. ఆయన మాత్రం ఒక్క మాటా అనలేదు. వారానికోసారి తగువుపడే మనిషి, తిట్టాల్సినప్పుడు తిట్టకుండా టీ పెట్టమన్నాడు.

అప్పటికి గుంటూరు తిరిగి వెళ్లిపోయిన అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడమ్మాయ్," అంది. తర్వాత, "అయినా పారెయ్యలేదుగా. జేబులో పెట్టుకు తిరిగాడుగా," అంది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం సంతకి వెళ్తాను. కత్తి కనబడితే ముందు టార్చి వేసి లోపల చూస్తాను, అటు వాలిన మూడు గాట్ల కోసం. ఇంటికొచ్చి చీటీ రాస్తాను. బహుశా అన్న మాట ఎక్కడా రాయను. ఇంతవరకూ దొరకలేదు.

నల్లచెక్క కత్తిని మళ్లీ ఎప్పుడూ తోమలేదు. దసరాకి కూడా పూజలో పెట్టను. ఇన్నేళ్లకి లోపలి ఇత్తడి మళ్లీ నల్లబడింది, దాంతోపాటు నా గాట్లూ నల్లబడ్డాయి. ఇప్పుడు ఎంత తెలిసినవాళ్లు టార్చి వేసి చూసినా అవి పాతవే అనుకుంటారు. అందుకే ఆ చీటీ తియ్యను.